ఊరందరి కన్నీటికి పద్యమిచ్చిన వినుకొండ కవి

పోయిన పెద్దలను తలుచుకోవడానికి మన పల్లెల్లో ఒక్కో ఇంటికి ఒక్కో ఆచారం ఉంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునేవారు కొందరు. భాద్రపద అమావాస్యకు తర్పణం వదిలేవారు కొందరు. నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవారు మరికొందరు. ఎవరి దుఃఖం వారిది, ఎవరి దీపం వారిది. ఊరంతా ఒక్కచోట కూర్చుని, పోయినవారి కోసం కలిసి కన్నీరు పెట్టుకునే తావు మాత్రం మన జిల్లాలో ఒక్కటే ఉంది. అది హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను.

రాత్రి పది గంటలకు మొదలైన నాటకం కాటి సీను దగ్గరకు వచ్చేసరికి మూడో జాము అవుతుంది. అప్పటికి పిల్లలు చాపల మీద నిద్రపోయి ఉంటారు. హార్మోనియం శ్రుతి మారుతుంది. భుజాన నల్లటి గొంగళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వస్తాడు. నిన్నటి వరకు అయోధ్యను ఏలినవాడు ఇప్పుడు కాశీలో కాటికాపరి. చుట్టూ ఉన్న సమాధులను, ఆరిపోతున్న చితులను చూసి పద్యం ఎత్తుకుంటాడు. అంతవరకు కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు నోరు మూస్తారు. మొదటి పద్యం పూర్తి కాకముందే ఆడవాళ్ళ వైపు కొంగులు కళ్ళకు చేరతాయి. మగవాళ్ళు కండువా మొహానికి అడ్డం పెట్టుకుంటారు. హరిశ్చంద్రుడి కష్టం కథలోది. కంటి నీరు మాత్రం పోయిన ఏడు పోయిన తండ్రిది, పురిట్లో పోయిన కూతురిది, పాము కరిచి పోయిన పిల్లవాడిది.

ఆ పద్యాలు రాసింది ఎవరని అడిగితే నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారని చాలామంది చెబుతారు. నాటకం ఆయనదే. బాపట్ల తాలూకా ఇటికంపాడులో 1881లో పుట్టి, 1953లో కన్నుమూసిన బలిజేపల్లి వారి సత్య హరిశ్చంద్రీయం ఆడని ఊరు మన ప్రాంతంలో లేదు. కానీ కాటి సీనులో జనాన్ని కరిగించే ఆ శ్మశాన పద్యాలు ఆయన రాసినవి కావు. అవి వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారివి. నాటకం కోసం రాసినవి కూడా కావు. ఖండకావ్యం మొదటి భాగంలో శ్మశానవాటి అనే పేరుతో ఉన్న పద్యాలవి. నటులు వాటిని చూశారు, హరిశ్చంద్రుడి నోటికి సరిపోతాయని తెలుసుకున్నారు, నాటకంలోకి తెచ్చుకున్నారు. డి.వి. సుబ్బారావు గారి వంటి పేరుపొందిన హరిశ్చంద్రులు ఆ పద్యాలను ఊరూరా పాడారు. క్రమంగా అవి లేకపోతే కాటి సీనే కాదన్నంతగా కలిసిపోయాయి.

ఆ పద్యాలు రాసిన మనిషిని బతికి ఉండగా ఎంతమంది తమ గడప దాటి లోపలికి రానిచ్చారన్నది వేరే కథ. ఆ కథ తెలిసి వింటే కాటి సీను మరోలా వినిపిస్తుంది.

వినుకొండ బాల్యం

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రి పుట్టింది యాదవ కులంలో, తల్లి పుట్టింది మాదిగ కులంలో. కుటుంబం క్రైస్తవం పుచ్చుకుంది. పిల్లవాడు చురుకైనవాడు. బొమ్మలు గీసేవాడు, గొంతెత్తి పాడేవాడు. బడిలో చేరేదాకా వాడికి కులం అంటే ఏమిటో తెలియదు. బడి ఆ పాఠం ముందుగా నేర్పింది. తోటి పిల్లలు కులం పేరుతో గేలి చేశారు. జాషువా ఊరుకోలేదు, తిరగబడి కొట్టాడు. తరువాతి కాలంలో అదే రోషం చేతి నుంచి కలానికి మారింది.

1910లో మేరియమ్మతో వివాహమైంది. మిషన్ పాఠశాలలో చిన్న జీతానికి పంతులు ఉద్యోగం చేశారు. పద్యం మీద ఆశ మాత్రం పోలేదు. ఆ రోజుల్లో పద్యం రాయాలంటే సంస్కృతం రావాలి. సంస్కృతం చెప్పేవారు అగ్రహారాల్లో ఉండేవారు. అంటరానివాడన్న పేరుపడ్డ కుర్రవాడికి ఎవరు చెబుతారు? అయినా చెప్పినవారు ఉన్నారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద కాళిదాసు కావ్యాలైన మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి స్నేహం పద్యానికి సానపెట్టింది. తలుపులు మూసినవారిని తలుచుకున్నప్పుడు తెరిచినవారిని కూడా తలుచుకోవడం న్యాయం.

మూసిన తలుపులు ఎక్కువే. ఒకసారి వినుకొండలో జరిగిన అవధాన సభలో జాషువా తన పద్యాలు చదివారు. పద్యాలు బాగున్నాయా లేవా అన్న మాట రాలేదు. తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారన్న మాట వచ్చింది. నిండు సభలో ఆ అవమానం దిగమింగి బయటికి నడిచారు. ఇంకోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద పద్యాలు అల్లుతున్నాడని సొంత మతపెద్దలకు కోపం వచ్చింది. వారూ ఆయన్ను వెలివేశారు. ఇటు గుడి లేదు, అటు చర్చి లేదు. మిగిలింది పద్యమొక్కటే.

తెర పక్కన గొంతు

ఉన్న ఉద్యోగం పోయాక పొట్ట చేతపట్టుకుని రాజమహేంద్రవరం చేరారు. 1915, 16 సంవత్సరాల్లో అక్కడ ఆయన చేసిన పని ఈ తరానికి వింతగా ఉంటుంది. అప్పట్లో సినిమాలకు మాటలు లేవు. తెర మీద బొమ్మలు కదిలేవి, పెదవులు ఆడేవి, శబ్దం ఉండేది కాదు. జనానికి కథ అర్థం కావాలంటే ఒక మనిషి ఉండి, బొమ్మ నడిచినంతసేపూ కథ చెప్పాలి, పాత్రల సంభాషణలు చదవాలి. రాజు వచ్చినప్పుడు రాజులాగా, తల్లి ఏడ్చినప్పుడు తల్లిలాగా పలకాలి. జాషువా గారికి దొరికిన కొలువు అది.

చీకట్లో కూర్చున్న జనానికి ఆ గొంతు ఎవరిదో కనపడదు. కులం అడిగేవారు లేరు. ఏ మాటకు జనం నవ్వుతారు, ఏ మాట దగ్గర ముక్కులు ఎగబీలుస్తారు, ఎక్కడ ఆగితే హాలు మొత్తం ఊపిరి బిగబడుతుంది అన్నది రోజూ చెవులారా వినే అవకాశం అక్కడ దొరికింది. జాషువా పద్యం చదువుకోవడానికి ఎంత బాగుంటుందో పైకి పాడటానికి అంతకంటే బాగుంటుంది. మాట విడిగా వినిపిస్తుంది, సమాసం నాలుకకు అడ్డం పడదు. చదువురాని రైతుకు కూడా సగం పద్యం మొదటిసారికే బోధపడుతుంది. రంగస్థలం ఆ పద్యాలను వెతుక్కుంటూ వచ్చిందంటే కారణం ఇదే. ఆయన స్వయంగా నాటకాలు కూడా రాశారు. తొలి రచనల్లో రుక్మిణీ కల్యాణం అనే నాటకం ఒకటి.

గుంటూరు పంతులు గారు

తరువాత గుంటూరు వచ్చి లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. ఉభయ భాషా ప్రవీణ పట్టా సంపాదించి 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉన్నారు. ఆయన పేరు నిలిపిన కావ్యాలు చాలావరకు ఈ కాలంలోనివే.

ఆ కావ్యాలను వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. జాషువా గారి మనసు ఎప్పుడూ దుఃఖపడేవారి పక్కన కూర్చుంటుంది. 1932లో వచ్చిన ఫిరదౌసిలో కథానాయకుడు పారశీక కవి. తన దేశపు పూర్వరాజుల కథలన్నీ ఏళ్ళ తరబడి కూర్చుని షానామా అనే మహాకావ్యంగా రాసినవాడు. పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట తప్పి వెండి నాణేలు పంపాడని కథ. పూర్వీకులను బతికించిన కవి తాను పేదరికంలో కుమిలిపోయాడు. ఆలస్యంగా బంగారం వచ్చే వేళకు ఆయన శవం ఊరు దాటుతోంది. ఈ కథను జాషువా ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. 1943లో వచ్చిన ముంతాజ్ మహల్ భార్యను పోగొట్టుకున్న చక్రవర్తి దుఃఖం. 1948లో గాంధీజీని కాల్చి చంపినప్పుడు దేశమంతా ఏడ్చింది. ఆ ఏడుపు బాపూజీ కావ్యమైంది.

1941లో వచ్చిన గబ్బిలం అందరికీ తెలిసినది. కాళిదాసు యక్షుడు మేఘం చేత సందేశం పంపాడు. జాషువా కావ్యంలో కడుపు నిండని అంటరానివాడు గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి తన బాధ చెప్పి పంపుతాడు. హంసలు, చిలకలు, మేఘాలు ఉన్నవారి పనులు చేసిపెడతాయి. పేదవాడి చీకటింటికి వచ్చే పక్షి గబ్బిలమే. మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది. పూజారి లేని వేళ చూసి శివుడి చెవిలో ఆ మాట వెయ్యమని కోరతాడు. హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడ్డదీ ఆ కాశీలోనే. రాజు కథ, పేదవాడి కథ ఒకే ఊరి దారి పట్టాయి.

కాటిలో చెప్పిన మాట

ఇక శ్మశానవాటి సంగతి. అందులో కథ లేదు. ఒక మనిషి శ్మశానంలో నిలబడి చుట్టూ చూస్తాడు, అంతే. మంచి కవి చేతి కలం, దేశాన్నేలిన రాజు ముద్ర, కొత్త పెళ్ళికూతురి మెడలోని నల్లపూసలు, పేరున్న చిత్రకారుడి కుంచె అన్నీ చివరికి చేరింది ఈ మట్టికే కదా అనుకుంటాడు. ఏళ్ళ తరబడి నిద్రపోతున్న వీరు కళ్ళు తెరవరేమని దిగులుపడతాడు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల కన్నీటికి అక్కడి రాళ్ళు కూడా కాగిపోయాయంటాడు. కొత్త సమాధి మీద ఎవరో పెట్టిపోయిన చిన్న దీపం కొడిగట్టి రెపరెపలాడుతుంటే అది పెట్టిన తల్లి ఎవరో అని ఆలోచిస్తాడు. చివరికి అసలు మాట అంటాడు. ఊళ్ళో ఎక్కడ చూసినా ఉన్న అంటరానితనానికి ఇక్కడ మాత్రం చోటు లేదని.

నాటకంలో ఈ మాట ఎవరి నోట వస్తుందో చూడండి. హరిశ్చంద్రుడు సూర్యవంశపు రాజు. కాశీలో ఆయన యజమాని వీరబాహుడు, లోకం చండాలుడని దూరం పెట్టినవాడు. ఇచ్చిన మాట కోసం రాజు అంటరానివాడికి అమ్ముడుపోయి అతని కూడు తింటున్నాడు. పుట్టుకతో అంటరానివాడన్న కవి పద్యాన్ని ఆ రాజు పాడుతున్నాడు. బలిజేపల్లి వారి కథ, జాషువా గారి పద్యం అక్కడ కలిసినంత చక్కగా మరెక్కడా కలవలేదు. పద్యాలు అయ్యేసరికి చీకట్లోంచి చంద్రమతి ఏడుపు వినిపిస్తుంది. చచ్చిన కొడుకు లోహితాస్యుణ్ణి చేతుల మీద మోసుకుని వస్తుంది. కాటి సుంకం చెల్లించనిదే చితి పేర్చనివ్వనని తండ్రే అడ్డం పడతాడు. అప్పటికే పద్యాలు జనం గుండెలను తడిపి ఉంచాయి. ఇక ఆ సీనులో కళ్ళు తుడుచుకోనివారు ఉండరు.

ఏడవడానికి కూడా మనిషికి ఒక అదను కావాలి. చావు జరిగిన రోజు ఇంటి పెద్దకు ఏడ్చే తీరిక ఉండదు. కట్టెలు, మేళం, చుట్టాలు, చిన్న దినం, పెద్ద దినం, అప్పులు. అన్నీ అయ్యాక ఏడిస్తే ఇంకా ఏడుస్తున్నాడేమని లోకం అంటుంది. లోపల దాచుకున్న ఆ దుఃఖం మరో ఏడాది తిరునాళ్ళలో నాటకం చూస్తుండగా బయటపడుతుంది. పక్కవాడు కూడా ఏడుస్తున్నాడు కనుక సిగ్గు లేదు. పద్యం అయ్యాక వన్స్‌మోర్ అని కేకలు వేసేది రాగం కోసం మాత్రమే కాదు. మరొక్కసారి తమవారిని తలుచుకోవడానికి కూడా.

గండపెండేరం నుంచి సమాధి దాకా

అవమానాలు ఎన్ని ఎదురైనా గౌరవాలు కూడా నడిచి వచ్చాయి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు నిండు సభలో జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగారు. అంతటి పండితుడు వంగి జాషువా పాదం ముట్టుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి అన్న బిరుదులు జనం నోట నిలిచాయి. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1964లో శాసన మండలి సభ్యుడయ్యారు. ఆ ఏడే క్రీస్తు చరిత్ర కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో, భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించాయి. తన జీవితాన్ని తానే నా కథ అనే పేరుతో పద్యాల్లో చెప్పుకున్నారు.

1971 జులై 24న గుంటూరులో జాషువా గారు కన్నుమూశారు. కవి కలం కూడా మట్టిలో కలుస్తుందని చెప్పిన కవి ఆ మట్టికే చేరారు. ఆయన కుమార్తె హేమలత లవణం సంఘ సంస్కర్తగా పేరుపొందారు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల కోసం, జోగినుల కోసం పనిచేసి 2008లో మరణించారు. తండ్రి పద్యంలో అడిగిన న్యాయాన్ని కూతురు ఊళ్ళలో తిరిగి అడిగింది.

పద్యం మిగిలింది

నాటకాలు తగ్గినా పద్యం పోలేదు. ముందు గ్రామఫోను రికార్డుల్లో, తరువాత క్యాసెట్లలో, ఇప్పుడు చేతిలోని ఫోనుల్లో కాటి సీను పద్యాలు తిరుగుతూనే ఉన్నాయి. చాలా పల్లెల్లో మనిషి పోతే శవాన్ని సాగనంపేదాకా మైకులో అవే పద్యాలు పెడతారు. ఆ ఇల్లు ఏ కులానిదైనా సరే. అగ్రహారంలో పోయినా, వాడలో పోయినా గొంతు హరిశ్చంద్రుడిది, మాట జాషువాది. బతికి ఉండగా సభ నుంచి బయటికి పంపిన మనిషి ఇప్పుడు ప్రతి ఇంటి చావుకూ పిలవకుండానే వస్తున్నాడు.

అయితే మైకు కట్టేశాక శవం ఏ దారిన పోతుందో కూడా చూడాలి. ఈనాటికీ ఎన్నో ఊళ్ళలో శ్మశానాలు కులాల వారీగా వేరువేరుగానే ఉన్నాయి. కొన్నిచోట్ల దళితవాడకు పాతిపెట్టుకునే జాగా లేదు. జాగా ఉన్నచోట దారి లేదు. పొలాల గట్ల మీదుగా, మోకాలి లోతు నీళ్ళలో పాడె మోసుకుపోయేవారు ఉన్నారు. కాటిలో అంటరానితనానికి చోటు లేదని జాషువా గారు పద్యంలో చెప్పారు. ఆ పద్యాన్ని మనం కళ్ళనీళ్ళతో విన్నాం, చప్పట్లు కొట్టాం, మళ్ళీ పాడించుకున్నాం. ఊరి శ్మశానానికి అందరూ నడిచే ఒక్క దారి మాత్రం ఇంకా వేసుకోలేదు.

వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. ఏటా సెప్టెంబరు 28న విగ్రహాలకు దండలు పడతాయి. దండ వెయ్యడం మంచిదే. ఈసారి మీ ఊళ్ళో కాటి సీను పెట్టినప్పుడు, పద్యం మొదలయ్యే ముందు అది రాసినవారి పేరు కూడా మైకులో చెప్పించండి. మన పెద్దలను తలుచుకునేందుకు మాట ఇచ్చిన పెద్దను తలుచుకోవడం కూడా మన విధే.